కడుపు బాధ మళ్లీ మళ్లీ వస్తుంటే పరీక్షలకు ఎలా తయారు కావాలి

“అన్నా, ఆర్నెల్ల సంది కడుపుల మంట. గోళీ ఏసుకుంటే తగ్గుతది, ఆపితే మళ్ల మొదలు. ఏ టెస్టు చేయించుకోవాలె?” హనుమకొండలో ల్యాబ్‌లో శాంపిళ్లు తీసుకునే నన్ను పరకాల, నర్సంపేట, ములుగు, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లు అడిగేది ఇదే. కొందరికి ఉబ్బరం, కొందరికి పులితేన్పులు. ఇంకొందరికి తిన్న వెంటనే మోషన్, లేదంటే నాలుగు రోజులు మలబద్ధకం, రెండు రోజులు విరేచనాలు. బాధ ఏదైనా అడిగే ప్రశ్న ఒక్కటే. కౌంటర్ దగ్గర వెనక లైన్ ఉంటే అంతా విడమరిచి చెప్పడం కుదరదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఏ పరీక్ష అవసరమో డాక్టర్ తేలుస్తారు. ఆ పరీక్షలో ఉన్నది ఉన్నట్టు బయటపడేలా తయారై రావడం మాత్రం మీ చేతిలో ఉంది. సరిగా తయారు కాక చెడిపోయే పరీక్షలు రోజూ చూస్తుంటాను. పైసలు పోతాయి, ఆ రోజు కూలి పోతుంది, జబ్బేమో దొరకదు.

ముందు ఇది చదవండి

కింద రాసిన దశలన్నీ తీరిగ్గా చేసుకునేవి. ఈ లక్షణాల్లో ఏదున్నా మాత్రం చిట్టాలు రాస్తూ కూర్చోకుండా వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లండి: తారులా నల్లగా మలం, మలంలో రక్తం, రక్తపు వాంతి, ఏ ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం, ముద్ద గొంతు దిగకపోవడం, ఆగని వాంతులు, కళ్లు పచ్చబడటం, నిద్రలోంచి లేపే నొప్పి లేదా విరేచనాలు, సాయంత్రం పూట జ్వరం. 45–50 ఏళ్లు దాటాక మొదటిసారి మొదలైన కడుపు బాధను, ఇంట్లో దగ్గరివాళ్లకు పేగు క్యాన్సర్ వచ్చి ఉంటే మీకొచ్చిన బాధను కూడా ఈ వరుసలోనే పెట్టుకోండి.

ఇంకొకటి చాలా గట్టిగా చెప్పాలి. ఛాతీ మధ్యలో బరువు, చెమటలు, ఎడమ చెయ్యి లేదా దవడ లాగడం, నాలుగడుగులు నడిస్తే ఆయాసం వస్తే “గ్యాస్ పట్టింది” అని సోడా తాగి పడుకోకండి. అది గుండెపోటు కావచ్చు. 108కి ఫోన్ చేయండి, ముందు ఈసీజీ తీయించండి. షుగర్ ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో గుండెనొప్పి ఒక్కోసారి కడుపు పైభాగంలో మంటలాగే ఉంటుంది.

దగ్గర ఉండాల్సినవి

– ఒక చిన్న నోటుబుక్కు, పెన్ను
– వాడుతున్న మందులన్నీ అట్టలతో సహా ఒక సంచిలో
– పాత రిపోర్టులు, ప్రిస్క్రిప్షన్లు, తేదీల వరుసలో
– ఆధార్, ఆహార భద్రత కార్డు
– ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం వేసి జీర్ణాశయం చూడటం), కొలనోస్కోపీ (మలద్వారం గుండా అలాంటి గొట్టంతో పెద్దపేగు చూడటం) రోజున తోడుకు ఒక మనిషి

1. వారం రోజుల చిట్టా రాయండి

డాక్టర్ మీతో మాట్లాడేది కొద్ది నిమిషాలే. అప్పుడు “ఎప్పటిసంది?” అంటే “చాన రోజులసంది” అంటాం, “ఎప్పుడు వస్తది?” అంటే “ఎప్పుడు పడితే అప్పుడు” అంటాం. ఆ జవాబుతో ఆయనకు తోవ దొరకదు. అందుకే వారం పాటు ఇలా రాయండి: ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, బాధ ఎన్నింటికి మొదలైంది, కడుపులో ఎక్కడ, ఎంతసేపు, ఏం చేస్తే తగ్గింది, మోషన్ ఎన్నిసార్లు, గట్టిగానా పల్చగానా, రంగేమిటి.

ఒక ఉదాహరణ. “మంగళవారం. రాత్రి 9కి మటన్, జొన్న రొట్టె. 11కి కుడి పక్కటెముకల కింద నొప్పి, వీపు దాకా. రెండు గంటలుంది. ఒక వాంతి.” ఈ నాలుగు ముక్కలు చూస్తే డాక్టర్ ముందుగా పిత్తాశయంలో రాళ్ల గురించి ఆలోచిస్తారు, స్కానింగ్ రాస్తారు. అదే “పొద్దున చాయ్ తాగిన పావుగంటకు కడుపులో మెలి, మోషన్‌కు పోతే నిమ్మళం, రాత్రి ఏమీ లేదు” అని ఉంటే ఆలోచన ఇంకోవైపు పోతుంది.

పాలు, చాయ్, కల్లు, మందు, గుట్కా, తంబాకు ఏవీ దాచకండి. భార్య పక్కనుంటే తాగుడు సంగతి చెప్పడానికి ఇబ్బందైతే చిట్టాలో రాసి కాగితం చూపించండి.

2. మందుల సంచి కట్టండి

ఇందులో ఎక్కువమంది మరిచిపోయేవి మోకాళ్ల నొప్పికి, నడుం నొప్పికి ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన గోళీలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు రోజుల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడతాయి. నాటు వేసే రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో ఇవి ఎంతగా వాడతారో ఏ మెడికల్ షాపులో అడిగినా చెప్తారు. కడుపు మంటకు కారణం ఆ సంచిలోనే దొరకవచ్చు. పసరు మందు, ఆయుర్వేదం, చూర్ణం కూడా పెట్టండి. కొన్ని పసర్ల వల్ల లివర్ పరీక్షలు పెరిగి కనబడతాయి.

ఐరన్ గోళీలు వేసుకుంటే మలం నల్లబడుతుంది. బీట్‌రూట్ తింటే ఎర్రబడుతుంది. భయపడే ముందు ఈ రెండూ గుర్తు చేసుకోండి, డాక్టర్‌కూ చెప్పండి.

3. ఎక్కడ మొదలుపెట్టాలి

నేరుగా పెద్ద ఆసుపత్రికి పోయి “ఎండోస్కోపీ చెయ్యండి” అనడం కన్నా, ముందు పీహెచ్‌సీలో గానీ దగ్గరి జనరల్ ఫిజీషియన్‌కు గానీ చూపించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టర్ రాస్తే రక్త పరీక్షలు తెలంగాణ డయాగ్నస్టిక్స్ ద్వారా ఉచితంగా చేస్తారు. శాంపిల్ అక్కడే ఇస్తే చాలు, అది జిల్లాలోని పెద్ద ల్యాబ్‌కు (హబ్) వెళ్తుంది, ఫలితం మీ ఫోన్‌కు మెసేజ్‌గా వస్తుంది. శాంపిల్ ఇచ్చేటప్పుడు సరైన ఫోన్ నంబరు చెప్పండి. కొడుకు పాత నంబరు చెప్పి, తర్వాత రిపోర్టు రాలేదని తిరిగేవాళ్లు చాలామంది.

వరంగల్‌లో ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. కాకతీయ మెడికల్ కాలేజీ ఆవరణలో ప్రధానమంత్రి స్వాస్థ్య సురక్షా యోజన కింద కట్టిన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ఉంది. ఏ విభాగం ఓపీ ఏ వారం నడుస్తుందో ముందే కనుక్కుని బయల్దేరండి. ప్రైవేటుకు వెళ్తే పరీక్షకు ముందే రేటు అడగండి. బయాప్సీకి (లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడం), మత్తుకు విడిగా బిల్లు వేస్తారా అన్నది కూడా అడగండి. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచారు. కానీ ఓపీలో చేసే ప్రతి పరీక్షా అందులోకి వస్తుందనుకోకండి. ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పని చూసే ఆరోగ్యమిత్రను అడిగాకే లెక్క వేసుకోండి.

4. రక్త పరీక్షలు

సాధారణంగా మొదట రాసేవి సీబీపీ (రక్తకణాల లెక్క), ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు సూచించేది), షుగర్, ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), థైరాయిడ్. ఫాస్టింగ్ షుగర్ ఉంటే రాత్రి భోజనం తర్వాత 8 గంటలు ఏమీ తినకండి. మంచినీళ్లు తాగొచ్చు, తాగితేనే నరం బాగా దొరుకుతుంది. చాయ్ తాగితే ఉపవాసం పోయినట్టే. “కొంచెమే తాగిన” అన్నా అంతే.

గోధుమ పడకపోవడం అనే సీలియాక్ జబ్బుకు చేసే టీటీజీ పరీక్ష దగ్గర మన దగ్గర ఒక చిక్కుంది. గోధుమ మానేశాక ఈ పరీక్ష చేస్తే జబ్బున్నా నార్మల్ అని రావచ్చు. మనం అన్నం తినేవాళ్లం, దానికి తోడు చపాతీ పడట్లేదని కొందరు ముందే మానేస్తారు. ఈ పరీక్ష రాస్తే కనీసం ఆరు వారాలుగా రోజూ గోధుమ తింటున్నారో లేదో డాక్టర్‌కు చెప్పండి.

5. మల పరీక్ష

అందరూ సిగ్గుపడేది, అందరూ తప్పు చేసేది ఇక్కడే. అగ్గిపెట్టెలో, తంబాకు డబ్బాలో, పాలిథీన్ కవర్‌లో తెస్తుంటారు. ఒక పెద్దాయన భూపాలపల్లి దాటి ఒక ఊరి నుంచి తెల్లవారుజామునే శాంపిల్ తీసి మొదటి బస్సెక్కారు. కౌంటర్‌కు వచ్చేసరికి పదకొండు. మూత తీస్తే ఎండి గట్టిపడి డబ్బాకు అతుక్కుపోయి ఉంది. అందులో అమీబా ఉన్నా అప్పటికి మాకు కనబడదు. ఆయనకు కొత్త డబ్బా ఇచ్చి, హనుమకొండలోనే చెల్లెలి ఇంట్లో ఉండి మర్నాడు తెమ్మని చెప్పాం.

చేయాల్సింది ఇది. ల్యాబ్ నుంచి వెడల్పు మూతి ప్లాస్టిక్ డబ్బా ముందురోజే తీసుకోండి. ముందు మూత్రం పోసేయండి, తర్వాత మోషన్‌ను పొడి కాగితం మీద గానీ శుభ్రమైన పొడి టబ్బులో గానీ పట్టండి. నీళ్లు, మూత్రం కలవకూడదు. డబ్బాతో వచ్చే చెంచాతో జిగురు, రక్తం, పల్చగా ఉన్న చోటు నుంచి తీయండి. వేలి కొస అంత చాలు. పల్చటి మోషన్ అయితే అరగంట, గంటలో చేర్చండి. గట్టిదైతే రెండు గంటల లోపు. ఊరు దూరమైతే ల్యాబ్‌లో బాత్రూం ఉంటుంది, అక్కడికే వచ్చి ఇవ్వండి. డబ్బా మీద పేరు, టైం రాయండి.

పురుగుల కోసమైతే ఒక్కసారి నార్మల్ వస్తే లేనట్టు కాదు. వేర్వేరు రోజుల్లో మూడు శాంపిళ్లు అడుగుతారు. మెడికల్ షాపులో విరేచనాల గోళీ కొని వేసుకున్న మర్నాడు శాంపిల్ ఇవ్వకండి. వేసుకుని ఉంటే ఎప్పుడు వేసుకున్నారో చెప్పండి.

విరేచనాలు ఏళ్ల తరబడి ఉంటే క్యాల్‌ప్రొటెక్టిన్ అనే మల పరీక్ష రాయొచ్చు. పేగులో వాపు ఉందా లేదా అన్నది దీంతో తెలుస్తుంది. ఇది నార్మల్ వస్తే చాలామందికి కొలనోస్కోపీ తప్పుతుంది. నొప్పి గోళీలు వాడుతుంటే ఇది పెరిగి కనబడుతుంది, కాబట్టి సంచి సంగతి ఇక్కడా మర్చిపోవద్దు.

6. హెచ్ పైలోరీ పరీక్ష

కడుపులో పుండుకు పెద్ద కారణాల్లో ఈ బ్యాక్టీరియా ఒకటి. దీన్ని కనిపెట్టినందుకే ఆస్ట్రేలియా డాక్టర్లు బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. మలంలో యాంటిజెన్ (క్రిమి ఆనవాలు) చూడటం, ఊపిరి పరీక్ష, ఎండోస్కోపీలో ముక్క తీసి చూడటం నమ్మదగ్గ పద్ధతులు. రక్తంలో యాంటీబాడీ చూసే పరీక్ష పాత ఇన్ఫెక్షన్‌నూ ఇప్పటిదాన్నీ వేరు చేయలేదు. ఎంచుకునే వీలుంటే అది వద్దనండి.

తయారీ: పాంటాప్రజోల్, ఒమెప్రజోల్, రాబెప్రజోల్ లాంటి గ్యాస్ గోళీలు పరీక్షకు రెండు వారాల ముందు ఆపాలి. యాంటీబయాటిక్ వాడి ఉంటే నాలుగు వారాలు గడవాలి. లేకపోతే క్రిమి ఉన్నా లేదని రావచ్చు. ఆపాలా వద్దా అన్నది డాక్టర్‌ను అడిగి చేయండి. పుండు రక్తం కారిన చరిత్ర ఉన్నవాళ్లు, గుండెకు స్టెంట్ వేయించుకుని ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్) వాడేవాళ్లు గ్యాస్ గోళీలను సొంతంగా ఆపకూడదు.

క్రిమి ఉందని తేలి రెండు వారాల కోర్సు వాడితే పని అయిపోలేదు. కోర్సు ముగిశాక కనీసం నాలుగు వారాలకు మళ్లీ మల పరీక్షో ఊపిరి పరీక్షో చేసి పోయిందో లేదో చూడాలి. ఈ రెండో పరీక్షకు తిరిగొచ్చేవాళ్లు చాలా తక్కువ.

7. స్కానింగ్

కడుపు స్కానింగ్‌కు (అల్ట్రాసౌండ్) 6–8 గంటలు ఖాళీ కడుపు. పాల చాయ్ తాగినా పిత్తాశయం ముడుచుకుపోయి రాళ్లు సరిగా కనబడవు. పొత్తికడుపు కూడా చూడాలంటే గంట ముందు నీళ్లు తాగి మూత్రం ఆపుకోవాలి.

ఇక్కడ ఒక అపోహ తీరాలి. “స్కానింగ్ నార్మల్ వచ్చింది, అంటే అల్సర్ లేనట్టే కదా?” అని అడుగుతారు. స్కానింగ్‌లో లివర్, పిత్తాశయం, కిడ్నీలు బాగా కనబడతాయి. జీర్ణాశయం లోపలి పుండు కనబడదు. దానికి ఎండోస్కోపీయే కావాలి. 50 దాటిన ఆడవాళ్లకు కొత్తగా ఉబ్బరం మొదలై తగ్గకపోతే అండాశయాలు చూడటానికి స్కానింగ్ తప్పనిసరిగా అడగండి.

8. ఎండోస్కోపీ

పేరు వింటే భయపడతారు గానీ లోపల ఉండేది ఐదు పది నిమిషాలే. రాత్రి తేలిగ్గా తిని, పొద్దున ఖాళీ కడుపుతో రండి. ఘనాహారానికి కనీసం ఆరు గంటల విరామం ఉండాలి. బీపీ గోళీ కొద్ది నీళ్లతో వేసుకోవచ్చా అని ముందురోజే అడగండి. షుగర్ గోళీ, ఇన్సులిన్ ఖాళీ కడుపుతో వేసుకుంటే షుగర్ పడిపోతుంది, దాని సంగతి తప్పకుండా అడగండి. కట్టుడు పళ్లు తీయండి. ఊగే పన్ను ఉంటే చెప్పండి.

గొంతులో మొద్దుబారే స్ప్రే కొట్టి ఎడమ పక్కకు పడుకోబెడతారు. గొట్టం దిగేటప్పుడు వాంతి వచ్చినట్టుంటుంది. మింగకుండా, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి పీలుస్తూ ఉమ్మిని బయటికి కారనివ్వండి. ఊపిరికి ఇబ్బంది ఉండదు, గొట్టం పోయేది అన్నవాహికలోకి. భయం ఎక్కువైతే మత్తు అడగొచ్చు. మత్తు తీసుకుంటే 24 గంటలు బండి నడపకండి, సంతకాలు పెట్టకండి. స్ప్రే ప్రభావం పోయేదాకా, అంటే గంట సేపు, ఏమీ మింగకండి.

9. కొలనోస్కోపీ

ఫలితం మొత్తం మీ తయారీ మీదే ఆధారపడే పరీక్ష ఇది. పేగు శుభ్రంగా లేకపోతే గడ్డలు దాక్కుంటాయి, మళ్లీ చేయాల్సి వస్తుంది.

మూడు రోజుల ముందు నుంచి: గింజలు, తొక్కలు, పీచు మానేయండి. గోంగూర, పాలకూర, జామ, టమాటా గింజలు, జొన్న, మక్క గారెలు, నువ్వులు వద్దు. సంక్రాంతి రోజుల్లో సకినాలు తిని వచ్చేవాళ్లకు ప్రత్యేకంగా చెప్తున్నా, నువ్వులు గొట్టం రంధ్రానికి అడ్డం పడతాయి. తెల్లన్నం, చారు, పెరుగు, ఉడికిన గుడ్డు, ఇడ్లీ తినండి. ఐరన్ గోళీలు వారం ముందు ఆపమంటారు. రక్తం పల్చబడే మందులు డాక్టర్ చెప్తే తప్ప ఆపకండి.

ముందురోజు: మధ్యాహ్నం నుంచి తేట ద్రవాలే. కొబ్బరి నీళ్లు, వడకట్టిన నిమ్మరసం, తేట గంజి, పాలు లేని చాయ్. ఎర్ర రంగు డ్రింకులు వద్దు, లోపల రక్తంలా కనబడతాయి.

పొడి: పేగును కడిగేయడానికి ఎక్కువగా రాసేది పీఈజీ అనే విరేచనాల పొడి. ప్యాకెట్ మీద రాసినట్టు రెండు లీటర్ల నీళ్లలో కలిపి, పది పదిహేను నిమిషాలకో గ్లాసు తాగాలి. ఇప్పుడు చాలామంది డాక్టర్లు సగం సాయంత్రం, సగం తెల్లవారుజామున తాగమంటారు. దాంతో పేగు బాగా శుభ్రపడుతుంది. రుచి ఉప్పగా, జిగటగా ఉంటుంది. ఫ్రిజ్‌లో చల్లబరిచి స్ట్రాతో తాగండి, మధ్యలో నిమ్మబద్ద చప్పరించండి. వాంతి వచ్చేలా ఉంటే అరగంట ఆగి మళ్లీ మొదలుపెట్టండి, మానేయకండి. కిడ్నీ, గుండె జబ్బులుంటే ఏ పొడి, ఎంత అన్నది డాక్టరే చెప్పాలి.

గంట లోపే మోషన్లు మొదలవుతాయి. అందుకే ములుగు నుంచో, మహబూబాబాద్ నుంచో పొడి తాగి బస్సెక్కే పని పెట్టుకోకండి. ముందురోజు రాత్రి హనుమకొండలో బంధువుల ఇంట్లోనో లాడ్జిలోనో బాత్రూం దగ్గరగా ఉన్న గదిలో ఉండండి. కొబ్బరి నూనె దగ్గర పెట్టుకోండి, మంటకు రాసుకోవడానికి.

శుభ్రమైందని ఎలా తెలుస్తుంది? మొదట గట్టివి, తర్వాత గోధుమరంగు నీళ్లు, తర్వాత మడ్డి తేలే పసుపు నీళ్లు వస్తాయి. చివరికి మూత్రం రంగులో తేటగా, అడుగు కనబడేలా రావాలి. చాలామంది మూడో దశలోనే “నీళ్లే వస్తున్నాయి కదా” అని పొడి ఆపేస్తారు. ఆపొద్దు, మొత్తం తాగండి. అన్నీ తాగాక కూడా మడ్డి వస్తుంటే లోపలికి వెళ్లకముందే సిస్టర్‌కు చెప్పండి.

పరీక్ష తర్వాత గ్యాస్ పట్టినట్టుండటం మామూలే. తగ్గని గట్టి నొప్పి, కడుపు రాయిలా బిగుసుకోవడం, జ్వరం, రక్తం ఎక్కువగా పోవడం ఉంటే అదే రోజు వెనక్కి వెళ్లండి.

10. రిపోర్టు చేతికొచ్చాక

పేరు, వయసు, తేదీ మీవేనా చూడండి. ముక్క తీశారా అని అడగండి. తీస్తే బయాప్సీ రిపోర్టు కొన్ని రోజుల తర్వాత విడిగా వస్తుంది. ఎండోస్కోపీ ఫొటోల కాగితం పట్టుకుని ఇంటికెళ్లి, బయాప్సీ కాగితం తీసుకోకుండా వదిలేసేవాళ్లు ఎందరో. అసలు జవాబు చాలాసార్లు అందులోనే ఉంటుంది. పేగు టీబీ, క్రోన్స్ జబ్బు (పేగులో ఏళ్ల తరబడి ఉండే వాపు) గొట్టంలో ఇంచుమించు ఒకేలా కనబడతాయి, వైద్యం వేరు. వాటిని విడదీయడానికి బయాప్సీ కావాలి.

రిపోర్టులో “యాంట్రల్ గ్యాస్ట్రైటిస్” (జీర్ణాశయం కింది భాగంలో వాపు), “గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్” (లివర్‌లో కాస్త కొవ్వు) అని ఉంటే కంగారు వద్దు. ఇవి చాలామందికి కనబడతాయి, మీ బాధకు అవే కారణం కాకపోవచ్చు. ఒక్క ఈఎస్ఆర్ కాస్త పెరిగితే దాంతో ఏ జబ్బూ తేలదు. వాట్సాప్‌లో రిపోర్టు పంపి బావమరిదితో మందు అడిగించుకోకండి.

పైసలు దండగయ్యే పరీక్షలు కొన్నున్నాయి. ఏళ్లనాటి ఉబ్బరానికి వైడాల్ (టైఫాయిడ్ పరీక్ష), లక్షణాలేవీ లేకుండా సీఈఏ లాంటి క్యాన్సర్ మార్కర్లు, “మీకు పడని 200 ఆహారాలు” చెప్తామనే ఐజీజీ ప్యానెళ్లు (రక్తంలో యాంటీబాడీలు చూసేవి). నేను ల్యాబ్‌లోనే పనిచేస్తాను, అయినా ఈ మాట చెప్తున్నాను. డాక్టర్ రాయకుండా ప్యాకేజీలు కొనకండి.

అన్నీ నార్మల్ వస్తే

“ఏం లేదన్నరు, కానీ నొప్పి ఉంది” అని ఏడ్చినవాళ్లను చూశాను. ఆ నొప్పి నిజమే. ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అనే జబ్బులో పేగు కదలికలో, నరాల స్పందనలో తేడా ఉంటుంది. రక్త పరీక్షలు, గొట్టం పరీక్షలు నార్మల్‌గానే ఉంటాయి. దాన్ని గుర్తించేది మీరు రాసిన చిట్టాను బట్టే, వైద్యం కూడా ఉంది. అదే డాక్టర్ దగ్గరకు అవే కాగితాలతో మళ్లీ వెళ్లి “ఇది ఐబీఎస్ కావచ్చా? పాలు రెండు వారాలు ఆపి చూడనా?” అని అడగండి. డాక్టర్‌ను మార్చి ఎండోస్కోపీ మళ్లీ మొదటి నుంచి చేయించుకోవద్దు. బరువు తగ్గడం, రక్తం, జ్వరం లాంటివి కొత్తగా వస్తే మాత్రం పాత నార్మల్ రిపోర్టును పక్కనపెట్టి వెంటనే చూపించుకోండి.